మలెనాడులో అడవి ఎక్కడ మొదలవుతుంది?

శివమొగ్గ దాటి సాగర రోడ్డు ఎక్కినవారికి పచ్చదనం కంటే ముందు వింతగా తోచేది అక్కడ ఇళ్ళు ఉండే తీరు. మన కోస్తాలో గానీ తెలంగాణలో గానీ ఊరంటే ఒకచోట గుమిగూడిన ఇళ్ళు. ఊరు దాటాక పొలాలు, పొలాలు దాటాక బీళ్ళు, ఆ బీళ్ళకవతల ఎక్కడో గుట్టలూ అడవీ. పొలిమేర దాటుతున్న సంగతి మన కాళ్ళకే తెలుస్తుంది. కర్ణాటక పశ్చిమ కనుమల్లోని ఈ మలెనాడులో ఆ లెక్క కుదరదు. లోయ అడుగున సన్నని వరిమడి, దాని పక్కన వక్కతోట, తోట గట్టు మీద మంగళూరు పెంకు కప్పిన ఒంటరి ఇల్లు, ఇంటి వెనక పెరటిని ఆనుకునే అడవి. పక్కింటికి వెళ్ళాలన్నా చెట్ల మధ్య కాలిబాటే గతి. ఈ అందం చూడడానికే చలికాలం రాగానే హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ మనవాళ్ళు జోగ్‌కూ ఆగుంబెకూ వయనాడుకూ బయల్దేరతారు. సరిగ్గా ఆ నెలల్లోనే ఈ నేల మీద పిడుదు పిల్లలు మనిషిని కరిచే కాలం మొదలవుతుంది, వాటితో పాటు అక్కడివాళ్ళు ‘మంగన కాయిలె’ అనే కోతి జ్వరమూ మొదలవుతుంది. పిడుదుల భయం అడవి లోతుల్లో ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఈ దారి పొడవునా కనిపించే సాక్ష్యం వేరే మాట చెబుతోంది. అడవీ మనిషి బతుకుతెరువూ కలిసే అంచు మీదే పిడుదు మనిషికి ఎక్కువగా ఎదురవుతుంది. ఆ అంచును గుర్తించకుండా చెప్పే జాగ్రత్తలు ఎవరినీ కాపాడలేవని నా వాదన.

గుమ్మం ఎక్కిన కొత్త మనిషికి మలెనాడులో ముందు అందేది చెంబుడు నీళ్ళు, చిన్న బెల్లం ముక్క. ఎవరు, ఎక్కడినుంచి అన్న ప్రశ్నలు ఆ తర్వాతే. మన ఇళ్ళలోనూ మంచినీళ్ళిచ్చి కూర్చోమనడం ఉంది కానీ, ఇక్కడి పలకరింపులో తొందర మరీ తక్కువ, గొంతు మరీ మెత్తన. భోజనం మన నాలుకకు చప్పగా తగులుతుంది. బియ్యప్పిండితో చేసిన అక్కిరొట్టె, ఆకులను కొబ్బరితో నూరి మజ్జిగలో కలిపే తంబుళి, వాగుల ఒడ్డున కాసే అప్పెమిడి మామిడి పిందెల ఊరగాయ. కొన్ని చెట్ల పిందెలకు పుట్టుకతోనే జీలకర్ర వాసన ఉంటుంది, అందుకే ఆ ఊరగాయలో జీలకర్ర వేసే పని ఉండదు. ఈ ఇంటి సంపాదన అంతా వక్క మీద, వక్క అంతా ఆకు మీద ఆధారపడింది. పచ్చాకు కోసి తోట మొదళ్ళలో పరుస్తారు. ఎండాకాలంలో రాలిన ఎండుటాకులు ఊడ్చి, గంపలకెత్తి తెచ్చి పశువుల కొట్టంలో పరుస్తారు. అది పేడతో కలిసి ఎరువై తిరిగి తోటకు చేరుతుంది. దీని కోసమే తోటకు ఆనుకుని ‘సొప్పిన బెట్ట’ అనే ఆకు అడవి ఉంటుంది. ఉత్తర కన్నడలో బ్రిటిషు కాలం నుంచీ ఎకరం వక్కతోటకు తొమ్మిదెకరాల దాకా ఇలాంటి అడవి మీద తోటవాళ్ళకు ఆకు హక్కు ఉండేది. మనకు అడవి చూసి రావలసిన చోటు. వాళ్ళకది పొలంలో ఒక భాగం. ఈ తేడా పట్టుబడితే తప్ప పిడుదుల సంగతి అర్థం కాదు.

పిడుదు మనకు కొత్తది కాదు. గేదె పొదుగు దగ్గరా చెవి లోపలా పట్టుకుని ఉండే గోమార్లను పీకి పారేయడం పాడి ఉన్న ప్రతి ఇంట్లోనూ జరిగే పనే. అవి పశువుకు జ్వరాలు తెస్తాయని రైతుకు తెలుసు, అయినా వాటిని చూసి తన ప్రాణానికి భయపడడు. అందుకు కారణం ఉంది. మన పశువుల మీద ఎక్కువగా కనిపించే జాతి పిల్లగా ఎక్కిన నాటినుంచి పెద్దదయ్యేదాకా ఒకే పశువును పట్టుకుని బతుకుతుంది. మనిషితో దానికి పని తక్కువ. మలెనాడు జ్వరానికి ముఖ్య వాహకమైన హీమాఫైసాలిస్ స్పైనిజెరా అలాంటిది కాదు. దానికి మూడు దశలు, మూడు ఆతిథ్యాలు. ఆరు కాళ్ళ పిల్ల ఒక జంతువు రక్తం తాగి నేలకు రాలుతుంది, చర్మం విడిచి ఎనిమిది కాళ్ళ పిల్లగా మారి ఇంకో జంతువును వెతుక్కుంటుంది, మళ్ళీ రాలి పెద్దదై మూడోదాన్ని పట్టుకుంటుంది. పెద్దవి వానాకాలంలో పశువుల మీదా పెద్ద జంతువుల మీదా బతుకుతాయి. పిల్లలకు ఎలుకలు, చుంచులు, నేల మీద తిరిగే పక్షులు, కోతులు కావాలి. రెండో దశ పిల్ల డిసెంబరు నుంచి వేసవి దాకా నేల మీద ఎక్కువగా ఉంటుంది, మనిషిని పట్టేది ముఖ్యంగా అదే. గసగసాల గింజంత ఉంటుంది. ఎండుటాకు అంచుకు ఎక్కి, వెనక కాళ్ళతో ఆకును పట్టుకుని, ముందు కాళ్ళు రెండూ గాలిలోకి చాచి ఎదురుచూస్తుంది. ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువునూ ఒంటి వేడినీ పసిగట్టే గుంట ఆ ముందు కాళ్ళ మీదే ఉంది. అది ఎగరదు, దూకదు. దాన్ని తాకుతూ ఎవరు వెళితే వారికి అంటుకుంటుంది. అందుకే పరిశోధకులు తెల్లని గుడ్డను నేల మీద ఈడ్చి, దానికి అంటుకున్నవాటిని లెక్కపెట్టి ఏ చోట పిడుదులు ఎన్ని ఉన్నాయో అంచనా కడతారు. ఎండుటాకులు ఊడ్చే మనిషి చీర కుచ్చెళ్ళకూ ఆ గుడ్డకూ పిడుదు దృష్టిలో తేడా లేదు.

సాగర నుంచి ఉత్తరాన సొరబ తాలూకా. కోతి జ్వరానికి వైద్యంలో పేరిచ్చిన క్యాసనూరు అడవి ఇక్కడిదే. 1957లో ఈ చుట్టుపక్కల ఊళ్ళలో కొండముచ్చులూ కోతులూ చచ్చి పడుతున్నాయన్న కబురు, మనుషులకు అంతుపట్టని జ్వరం వస్తోందన్న కబురు కలిసి పుణెలోని వైరస్ రీసెర్చ్ సెంటర్‌కు చేరాయి. ఆ సంస్థే ఇప్పటి జాతీయ వైరాలజీ సంస్థ. కోతులు చనిపోవడం చూసి మొదట ఎల్లో ఫీవర్ మన దేశానికి వచ్చిందేమోనని కంగారుపడ్డారు. టెల్ఫర్డ్ వర్క్, హెరాల్డ్ ట్రాపిడో తదితరుల పరిశోధనలో తేలింది మాత్రం రష్యా అడవుల్లో పిడుదుల ద్వారా మెదడువాపు తెచ్చే వైరస్ కుటుంబానికి చెందిన కొత్త వైరస్. సైబీరియా నుంచి వలస వచ్చే పక్షులు దీన్ని మోసుకొచ్చి ఉంటాయన్న అనుమానంతో సలీం అలీ నాయకత్వంలో పక్షుల కాళ్ళకు ఉంగరాలు తొడిగి పరిశీలించే పని కూడా సాగింది. బయటినుంచి వచ్చిందన్న ఊహకు అది గట్టి ఆధారం ఇవ్వలేదు. ఈ జాతి పిడుదు దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఎన్నో అడవుల్లో ఉంది. జ్వరం మాత్రం దశాబ్దాల పాటు శివమొగ్గ చుట్టూరానే, పశ్చిమ కనుమల్లోని కొద్ది తాలూకాల్లోనే కనిపించింది. పిడుదు ఉన్న ప్రతి చోటా రోగం ఉంటుందనుకోవడం పొరపాటని దీన్నిబట్టే తెలుస్తోంది. పిడుదు, వైరస్, దాన్ని పెంచే జంతువులు, వీటి మధ్యలోకి నడిచివచ్చే మనిషి, నలుగురూ ఒకచోట చేరాలి.

ఆ నలుగురినీ ఒకచోట చేర్చింది ఏమిటి? 1969లో పరిశోధకుడు హోర్హె బోషెల్ రాసిన పరిశీలన ఈ విషయంలో నాకు ఇప్పటికీ దారి చూపేదిగా కనిపిస్తుంది. జనాభా పెరిగి, అడవిని ముక్కలుగా నరికి వరి వేసి, పశువులను మేతకు లోపలికి తోలడంతో అంచులు పెరిగాయనీ, లాంటానా పొదలు అల్లుకున్న ఆ అంచుల్లో చిన్న జంతువులు, వాటితో పాటు పిడుదు పిల్లలు విస్తరించాయనీ, పశువులు పెద్ద పిడుదులకు పుష్కలంగా రక్తమిచ్చి వాటి సంతతిని పెంచాయనీ ఆయన వాదన. పశువులు ఈ వైరస్‌ను పెంచవు, పిడుదును పెంచుతాయి. 2020లో భారత, బ్రిటిష్ పరిశోధకులు కలిసి వేసిన ముప్పు పటం కూడా ఇదే దిక్కు చూపింది. తేమ ఉండే సతతహరిత అడవీ తోటలూ కలగలిసిన చోట, నాటు పశువులు ఎక్కువగా ఉన్నచోట ముప్పు హెచ్చు. ఎండు ఆకురాల్చే అడవులు పరుచుకున్న చోట తక్కువ. దట్టమైన అడవి ఒకటే ఉన్నచోటా కాదు, తోటలు ఒకటే ఉన్నచోటా కాదు, రెండూ ఒకదానిలో ఒకటి చొచ్చుకుపోయిన చోట. సాగర, సొరబ, సిద్ధాపుర దారుల్లో కనిపించే నేల అచ్చంగా ఇదే.

శరావతి నది వైపు తిరిగితే దీనికి మరో ఉదాహరణ ఉంది. 1964లో లింగనమక్కి ఆనకట్ట పూర్తయి లోయలు మునిగాయి. మునిగిన ఊళ్ళవాళ్ళు చుట్టుపక్కల అడవుల్లో కొత్తగా ఇళ్ళు కట్టుకున్నారు. జోగ్ చూసి వెనుదిరిగేవారికి కనపడని వెనుకనీళ్ళ ఊళ్ళు ఇవి. వీటిలో అరళగోడు పంచాయతీ 2018 చివర, 2019లో కోతి జ్వరంతో అల్లాడింది. కోతులు చచ్చిపడడం ముందు, మనుషుల చావులు తర్వాత. ఇక్కడ తరచూ వినిపించే అభ్యంతరం ఒకటుంది. జ్వరం తెచ్చేది కోతులే కదా, వాటిని తరిమేస్తే సరిపోదా అని. కోతి ఇక్కడ దోషి కాదు, మనకంటే ముందు బలయ్యే జీవి. చనిపోయే ముందు దాని రక్తంలో వైరస్ విపరీతంగా పెరుగుతుందన్నదీ, అది తాగిన పిడుదు పిల్లలు కళేబరం మీదినుంచి చుట్టూ నేలలోకి రాలి ఆ చోటును ప్రమాదకరంగా మారుస్తాయన్నదీ నిజమే. అందుకే కోతి చచ్చిన చోటు చుట్టూ యాభై అడుగుల మేర మలాథియాన్ అనే పురుగుమందు చల్లే పద్ధతి వచ్చింది. కోతుల్ని తరిమితే ఆ పిడుదులు ఇంకో తోటకు చేరతాయి, అంతకు మించి జరిగేదేమీ లేదు. పైగా కోతి చావు కబురు ఆ ఊరికి దొరికే తొలి హెచ్చరిక. దాన్ని వెంటనే ఆరోగ్య కేంద్రానికి చెప్పిన ఊరు, చెప్పకుండా తరిమేసిన ఊరి కంటే ఎక్కువ ప్రాణాలు నిలబెట్టుకుంటుంది.

రెండో అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది. ప్రమాదమని తెలిశాక అడవిలోకి వెళ్ళకుండా ఉండవచ్చు కదా? పట్నం నుంచి చూస్తే ఇది తేలిక మాట. తీర్థహళ్ళి దారిలో నెత్తిన ఎండుటాకుల గంపతో నడిచే ఆడవాళ్ళను చూస్తే ఆ మాట ఎంత బోలుదో తెలుస్తుంది. జనవరిలో ఆకు రాలుతుంది, అప్పుడే ఊడ్చుకోవాలి. వాన పడితే కుళ్ళిపోతుంది. పిడుదు పిల్లలు ఎక్కువగా ఉండేదీ ఆ నెలల్లోనే, ఆ ఆకుల్లోనే. ఊడ్చడం మానితే కొట్టంలో పరుపు ఉండదు, తోటకు ఎరువు ఉండదు. ఇంకో సంగతి, అడవికి వెళ్ళకపోయినా తప్పించుకున్నట్టు కాదు. ఆకుల కుప్పతో పాటు పిడుదులు పెరట్లోకి వస్తాయి, మేతకెళ్ళిన ఆవుతో కొట్టంలోకి వస్తాయి. ఇంటి పెరళ్ళలోనూ వక్కతోటల్లోనూ గుడ్డ ఈడ్చి చూసిన పరిశోధకులకు అక్కడ కూడా పిడుదులు దొరికాయి. ‘అడవిలోకి పోవద్దు’ అన్న బోర్డు ఎక్కడ పాతాలి? పెరట్లోనా, కొట్టం గుమ్మంలోనా?

ఆగుంబె దగ్గర నేల ఒక్కసారిగా పడమటికి విరిగిపడుతుంది. కనుమ మలుపులు దిగుతుంటే పొగమంచు పైనే ఉండిపోయి, కింద కోస్తా ఉక్క మొదలవుతుంది. దిగువన దక్షిణ కన్నడలో బెళ్తంగడి తాలూకా ఉంది. 1982 చివర మొదలై మరుసటి ఏడాది ఇక్కడ కోతి జ్వరం చరిత్రలోకెల్లా పెద్ద దెబ్బ కొట్టింది. వెయ్యి మందికి పైగా జబ్బుపడ్డారు, వందకు పైగా చనిపోయారు. జీడిమామిడి తోట వేయడానికి అడవిని నరికిన చోటు నుంచే అది రేగింది. కూలికి చెట్లు కొట్టడానికి వెళ్ళినవాళ్ళు ముందు పడిపోయారు. ముప్పైమూడేళ్ళ తర్వాత, 2016లో, మహారాష్ట్ర సింధుదుర్గ్ జిల్లాలో అదే జ్వరం జీడిపిక్కలు ఏరే కూలీలకు సోకింది. అంతకు ముందు ఏడాది గోవాలోని సత్తరి తాలూకాలో. ఈ జాబితాలో విహారానికి వచ్చినవాళ్ళు దాదాపు కనిపించరు. కనిపించేది ఆకు, కట్టె, పిక్క ఏరుకునే చేతులు. పిడుదుల పటం గీయాలంటే ఆ ప్రాంతంలో ఏ నెలలో ఎవరు వంగి నేల మీది ఏ వస్తువును ఏరుతున్నారో రాసుకుంటే సగం పని అయిపోతుంది.

దక్షిణాన వయనాడు, బందీపుర అడవుల దగ్గర నా వాదనకు అసలైన పరీక్ష ఎదురవుతుంది. 2012 చివర బందీపుర పులుల అభయారణ్యంలో కోతులు చనిపోయాయి. ఆ తర్వాత వయనాడులో, మలప్పురంలో మనుషులకు సోకింది. 2015లో ఒక్క వయనాడులోనే వందమందికి పైగా. ఇవి వక్కతోటల ఊళ్ళు కావు, రక్షిత అడవులు. మరి అంచు వాదన నిలుస్తుందా? బందీపురలో జబ్బుపడినవారిలో చచ్చిన కోతుల్ని తగలబెట్టిన అటవీ కూలీలు ఉన్నారు. వయనాడులో దెబ్బతిన్నవారిలో ఎక్కువమంది అడవి ఫలసాయం మీద బతికే ఆదివాసులు, మంటలు రాకుండా ఎండుటాకులు ఊడ్చే పనికి వెళ్ళేవాళ్ళు. అంచు పటం మీది గీతగా కాక పనిగా చూస్తే, అడవి నడిబొడ్డున చీపురు పట్టిన మనిషి కూడా అంచు మీదే నిలబడ్డాడు. ఇంకో మాట కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. 2012 తర్వాత కొత్త రాష్ట్రాల్లో కనిపించిన ఈ జ్వరంలో ఎంత భాగం నిజంగా పాకిందో, ఎంత భాగం పరీక్షలు మెరుగై బయటపడిందో విడదీయడం కష్టం. రెండూ కలిసే జరిగి ఉంటాయన్నది నా అభిప్రాయం.

ఈ అంచు సంగతి మలెనాడుకే పరిమితం కాదు. అమెరికా ఈశాన్యంలో, న్యూజెర్సీ, పెన్సిల్వేనియాలలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ లైమ్ వ్యాధి తెచ్చే పిడుదు ఇంటి వెనక పచ్చిక అడవి చెట్లతో కలిసే చోట, రాలిన ఆకుల్లో ఎక్కువగా దొరుకుతుంది. జాతి వేరు, రోగం వేరు, చోటు మాత్రం అదే. మన నగరాల్లో వీధికుక్కల మీద ఉండే గోధుమరంగు పిడుదు ఇంటి గోడ పగుళ్ళలోనే సంసారం పెడుతుంది. గుజరాత్‌లో 2011లో బయటపడ్డ క్రిమియన్ కాంగో జ్వరం పశువుల కొట్టాల్లో ఉండే మరో జాతి పిడుదుది. ఆంధ్ర, తెలంగాణ పత్రికల్లో వానలు తగ్గాక కనిపించే స్క్రబ్ టైఫస్‌ను కూడా కొందరు పిడుదు జ్వరమే అంటారు. అది పిడుదుది కాదు, చిగ్గర్ అనే కంటికి ఆనని నల్లిపిల్ల కాటుది. అయినా పొదలూ పొలాలూ కలిసే గట్ల మీదే అదీ పట్టుకుంటుంది. కాటు వేసిన చోట నల్లని మాడు మచ్చ పడితే దాన్ని డాక్టరుకు చూపాలి, దానికి మంచి మందులున్నాయి. కోతి జ్వరానికి ప్రత్యేకమైన మందు లేదు. నూటికి ముగ్గురి నుంచి ఐదుగురి దాకా చనిపోతారు. మిగిలినవారిని లక్షణాలను బట్టి చికిత్స చేసి నిలబెట్టాలి.

అందుకే నివారణ విషయంలో మాటలు పోగు చేసి సరిపెట్టుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. 1990 నుంచి వాడిన టీకా రెండు డోసులకు అరవై శాతానికి కాస్త పైన, బూస్టర్ కూడా వేసుకుంటే ఎనభై శాతానికి పైన పనిచేసిందని 2013లో అచ్చయిన అధ్యయనం చూపింది. తర్వాత దాని శక్తి మీద అనుమానాలు పెరిగి 2022లో ఆపేశారు. ఆపడం సబబే కావచ్చు, కానీ ఆకు ఊడ్చే మనిషి ఆ ఏడాది నుంచీ ఏ టీకా లేకుండానే ఊడుస్తోంది. కొత్త టీకా కోసం ఐసీఎంఆర్‌తో కలిసి పనిచేస్తున్న ఇండియన్ ఇమ్యునలాజికల్స్ మన హైదరాబాద్‌దే. అది చేతికి వచ్చేదాకా మిగిలింది పిడుదులు అంటకుండా ఒంటికి రాసుకునే డీపా నూనె, పొడుగు బట్టలు, పని నుంచి రాగానే వేడినీళ్ళ స్నానం. ఆకులు రాలడానికి ముందే, నవంబరులోనే, ఆ నూనె ప్రతి ఇంటికీ చేరాలి. జ్వరాలు మొదలయ్యాక ఫిబ్రవరిలో పంచితే ప్రయోజనం సగమే. ఈ ఒక్క తేదీని సరిచేయడం మిగతా ప్రచారం కంటే ఎక్కువ మేలు చేస్తుందని నమ్ముతున్నాను.

సంక్రాంతి సెలవుల్లో జోగ్‌కో కొడచాద్రికో వయనాడుకో వెళ్ళే మిత్రులారా, ఆ యాత్ర మానుకోనక్కర్లేదు. కాలిబాట విడవకండి, రాలిన ఆకుల కుప్పల మీద కూర్చోకండి, ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపండి, సాయంత్రం చంకలు, గజ్జలు, మోకాలి మడతలు, చెవుల వెనక చూసుకోండి. పిడుదు దొరికితే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. కిరోసిన్ పోయకండి, అగ్గిపుల్లతో కాల్చకండి. చచ్చిన కోతి కనిపిస్తే ముట్టుకోకుండా దగ్గరి ఆరోగ్య కేంద్రానికి చెప్పండి. తిరిగొచ్చిన వారం పది రోజుల్లో హఠాత్తుగా తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తే డెంగీ పరీక్షతో ఆగిపోకుండా, ఏ అడవి అంచున తిరిగొచ్చారో మీ డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.